నీలం దారం కట్టిన వైరు

ఎదురు ఫ్లాట్‌లోకి కొత్తగా కిరాయికి దిగిన కడప అబ్బాయి ఆదివారం పొద్దున్నే మా తలుపు కొట్టాడు. "ఆంటీ, ఒక వైరు గురించి అడగాలని వచ్చినా," అన్నాడు. ఆంటీ అనే మాట నాకింకా ఒంటబట్టలేదు. అయినా వైరు అనేసరికి ఆ బాధ మరిచిపోయి, కాఫీ గ్లాసుతోనే గుమ్మంలోకి వచ్చాను.

"మా హాల్లో ఆగ్నేయం మూల ఒక వైరు కొస బయటికి వచ్చిండాది. నైరుతి మూల ఇంకో కొస. నడుమంతా గోడ లోపలే. దేనికీ తగిలించిల్యా. రెండు కొసలకీ నీలం దారం చుట్టిండాది. ఎవరో ఏదో చేయించినారని మా ఆవిడ దాన్ని ముట్టుకోనీడం ల్యా."

నవ్వు ఆపుకోలేకపోయాను. "చేయించింది నేనే నాయనా. మంత్రం కాదు, బేరం. దుకాణమాయన మెడలు వంచి ఊరికే తెచ్చిన కేబుల్ అది."

"ఫ్రీనా? మరి పని చేయదా?"

"గోడలోకి వెళ్ళిన రోజు నుంచీ అది ఒక్క బొమ్మ కూడా మోయలేదు. పని చేస్తుందో లేదో దానికే తెలియాలి."

అబ్బాయి అయోమయంగా చూసి, సాయంత్రం ఒకసారి వచ్చి చూడమని చెప్పి వెళ్ళాడు. నేను కాఫీ తాగుతూ కూర్చున్నాను గానీ మనసంతా ఆ దారం దగ్గరే ఉంది. దాన్ని చుట్టిన మనిషి తెల్లాపూర్ వదిలి బాచుపల్లికి మారి చాలా రోజులైంది. తొందర్లో మంచాలూ బీరువాలూ అన్నీ పట్టుకుపోయారు. గోడలో ఉన్నదాన్ని మాత్రం గోడకే వదిలేశారు.

ఆవిడ పేరు రాయను. రాస్తే, "పేరు లేకపోతే ఏమవుతుందండీ?" అని ఆవిడే అడుగుతుంది. ఆవిడ మాట అదే. ఏది కనబడినా, ఎవరు ఏం తెచ్చి ముందు పెట్టినా, ముందు అది లేకుండా ఊహించుకుని చూసేది.

కాకినాడ వైపు మనిషి. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ పని. అంటే ఒకరు కట్టినదాన్ని ఇంకొకరు ఎక్కడ విరుగుతుందో వెతకడం. ఆ పనిని ఆఫీసులోనే వదిలి రావడం ఆవిడకు చేతకాలేదు. మా సొసైటీ మీటింగులో గేటు దగ్గర ఫౌంటెన్ కట్టిద్దామని అందరూ చప్పట్లు కొడుతుంటే, వెనక వరసలోంచి చెయ్యెత్తి, "అది లేకపోతే ఏమవుతుందండీ?" అంది. వెటకారం కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. కార్యదర్శి జవాబు వెతుక్కునేలోపల మీటింగు అయిపోయింది. ఫౌంటెన్ ఇప్పటికీ లేదు. ఏమీ కాలేదు కూడా.

ఒకసారి చింతపండు లేని పులిహోర గిన్నెలో పెట్టి తెచ్చింది. లేకపోతే ఏమవుతుందో చూద్దామని చేసిందట.

"ఎలా ఉందండీ?"

"అన్నం పచ్చగ ఉన్నది అక్కా. గంతే."

"నేనూ అదే అనుకున్నానండి," అని తృప్తిగా తలూపి, మిగిలింది పట్టుకుని వెళ్ళిపోయింది. వండింది బాగాలేదని చెబితే అంత సంతోషించే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆవిడ హ్యాండ్‌బ్యాగులో ఒక గుండ్రటి రేకు డబ్బీ ఉండేది. అందులో జాకెట్లు కుట్టే దగ్గర అడిగి తెచ్చుకున్న రంగురంగుల దారాలు. రెండు కొసలున్న ఏ వస్తువు దొరికినా రెండు కొసలకీ ఒకే రంగు దారం చుట్టేది. ఛార్జరుకి పసుపు, ఇస్త్రీపెట్టె వైరుకి ఎరుపు, బాల్కనీలో బట్టలారేసే తాడుకి ఆకుపచ్చ. తాడుకి ఎందుకక్కా, అది రెండు మేకుల మధ్య కళ్ళెదురుగానే ఉంది కదా అంటే, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "ఈ కొస ఎవరిదో ఆ కొసకి తెలియాలి కదండీ."

ఇక ఆవిడ భర్త. బ్యాంకులో పనిచేసి కాస్త ముందుగానే పదవీ విరమణ తీసుకున్నారు. సన్నగా, ఇస్త్రీ మడత నలగని చొక్కాతో, ఎప్పుడూ క్లబ్‌హౌస్‌లో గోడ వారగా ఉండే కుర్చీలో కూర్చునేవారు. పలకరిస్తే నవ్వేవారు. అడిగినదానికి కాకుండా ఇంకేదో చెప్పేవారు. ఒక్కోసారి అసలు పలికేవారు కాదు. మా బ్లాకులో ఆయనకు తలబిరుసని పేరు వచ్చింది. ఎవరైనా జోకు వేస్తే మేమందరం నవ్విన తర్వాత, ఒక్క క్షణం ఆగి, మా మొహాలన్నీ ఒకసారి చూసి అప్పుడు నవ్వేవారు. ఆ ఆలస్యం నేను గమనించాను. దుకాణంలో పెరిగినదాన్ని, ఎదుటి మొహం చదవడం అన్నంతో పాటు తిన్నాను. కానీ చదివింది తప్పు చదివాను. మా జోకులు ఆయన స్థాయికి సరిపోవడం లేదేమో అనుకున్నాను.

నా సంగతి కూడా చెప్పాలి. చందానగర్ బజారులో మా నాయనది స్టీలు సామాన్ల దుకాణం. అటు పక్క బట్టల కొట్టు మేనమామది, ఇటు పక్క కిరాణా చిన్నాయనది. నేను ఎక్కాలు నేర్చుకునే ముందే బేరం నేర్చుకున్నాను. ఇప్పుడు ఒక పెద్ద కంపెనీలో కొనుగోళ్ల విభాగంలో ఉన్నాను. అంటే నాయన కూర్చున్న వైపు నుంచి లేచి ఎదురు వైపుకొచ్చి నిలబడ్డాను. కూరగాయల బండి దగ్గర కొత్తిమీర ఊరికే వేయించుకోకుండా కదలను. అవసరం లేకపోయినా బేరమాడతాను. వచ్చింది ఇంటికి తెచ్చాక దాంతో ఏం చెయ్యాలో తెలియక చూస్తూ కూర్చుంటాను. ఊరికే వచ్చిందనే మాట వింటే నా బుద్ధి ఇప్పటికీ నిలువునా కరిగిపోతుంది.

వాళ్ళు ఆ ఫ్లాట్‌ని బాగు చేయించుకుంటున్న రోజుల్లో లిఫ్టులో ఆవిడ నన్ను పట్టుకుంది.

"మీరు బేరం బాగా ఆడతారటగా. హోమ్ థియేటర్ కొనాలండి. మీరు నాతో వస్తారా?"

నేను కళ్ళు పెద్దవి చేశాను. కొత్త చీర కూడా అది లేకపోతే ఏమవుతుందో ఆలోచించి మానేసే మనిషి!

"మీకెందుకక్కా గా హోమ్ థియేటర్? గోడలు అదరాల్నా?"

ఆవిడ నవ్వలేదు. లిఫ్టు తలుపు మూసుకునేదాకా ఆగి, "మా వారు హాల్లోకి రావడం మానేశారండి," అంది. "చప్పుడు వినబడుతుంది, మాట విడిగా తెలియట్లేదట. టీవీలో ఎవరేం అంటున్నారో నన్ను అడిగి అడిగి, అడగడం మానేశారు. చెవి మిషన్ కొన్నాం. అది పెట్టుకుంటే గిన్నెల చప్పుడు కూడా మాటలంత పెద్దగా వస్తోందని సొరుగులో పడేశారు. నేను టీవీ పెట్టగానే ఆయన పడగ్గదిలోకి వెళ్ళిపోతారు. నేను కట్టేశాక బయటికొస్తారు. ఒకే ఇంట్లో వంతులేసుకుని తిరుగుతున్నామండి."

ఆవిడ మా అంతస్తు మీట నొక్కి, నా వైపు తిరిగింది.

"హోమ్ థియేటర్‌లో మాటలకి విడిగా ఒక స్పీకర్ ఉంటుందటగా, టీవీ కింద, మధ్యలో. దాన్నొక్కదాన్నీ పెంచుకోవచ్చట. పేలుళ్ళు నాకక్కర్లేదు. మాటలు కావాలి."

గోడ వార కుర్చీ అప్పుడు నాకు మొదటిసారి సరిగ్గా కనబడింది.

వెళ్ళింది చందానగర్‌లోనే, మా నాయనను ఎరిగిన దుకాణానికి. యజమాని నన్ను చూడగానే రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

"వచ్చినవా చెల్లే! ఇయ్యాల నా దుకాణం ఉంటదా పోతదా?"

"ఉంటది తియ్యి అన్నా. మంచి గిరాకిని తోలుకొచ్చిన. మేడమ్‌కు మాటలు మంచిగ వినపడాలె. గంతే."

ఆయన మమ్మల్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి, దీపాలు తగ్గించి, రిమోట్ పైకెత్తాడు. "సూడుండ్రి మేడం. సినిమా పెడుతున్న. హెలికాప్టర్ మీ నెత్తి మీదికెళ్ళి పోతది."

"హెలికాప్టర్ వద్దండి. వార్తలు పెట్టండి."

"వార్తలా?"

"లేకపోతే ఏదైనా సీరియల్. నలుగురు ఒకేసారి అరుచుకోవాలి, వెనకాల మ్యూజిక్ ఉండాలి."

ఆయన నా వైపు చూశాడు. నేను భుజాలు ఎగరేశాను. ఆవిడ హ్యాండ్‌బ్యాగు తెరిచి, దారాల డబ్బీ పక్కకి జరిపి, ఒక దూది ఉండ తీసి రెండుగా చీల్చి రెండు చెవుల్లో పెట్టుకుంది. హోమ్ థియేటర్ వినడానికి వచ్చి చెవుల్లో దూది పెట్టుకున్న గిరాకీని ఆ దుకాణం అంతకుముందు చూసి ఉండదు.

"ఏంది అక్కా, చలి వెడుతున్నదా?" దూది మీదుగా వినపడాలని గట్టిగా అడిగాను.

"ఏసీ ఎక్కువగా ఉందండి," అంది.

సీరియల్లో అత్తాకోడళ్ళు అరుచుకుంటున్నారు. ఆవిడ కళ్ళు మూసుకుని, తల కొద్దిగా వంచి వింటోంది. ఒళ్ళో పెట్టుకున్న కుడి చేతి చూపుడు వేలు ఉండుండి పైకి లేస్తోంది. నేను కాసేపు ఆ వేలినే గమనించాను. అత్త మాట వీణల మోతలో మునిగిపోయినప్పుడు లేస్తోంది. మాట తేలగానే పడుతోంది. ఆ వేలు ఎక్కువసేపు పడుకున్న సెట్టునే ఆవిడ ఎంచుకుంది. అది గదిలో అన్నిటికన్నా చిన్నది. దుకాణమాయన మొహం కూడా చిన్నబోయింది.

తర్వాత వైర్ల వంతు. రిసీవర్ అంటే అన్నీ వచ్చి కలిసే పెట్టె. సెట్‌టాప్ బాక్స్ దానికి తగిలిస్తారు. అది బొమ్మను టీవీకి పంపి, ధ్వనిని విడగొట్టి ఒక్కో స్పీకర్‌కి పంచుతుంది. వాటి మధ్య నడిచేవే ఈ వైర్లన్నీ. ఆయన ఒక్కొక్కటే అట్టపెట్టెల్లోంచి నాగుపాముల్లా తీసి బల్ల మీద పరిచాడు. వేలు లావున్న స్పీకర్ వైరు చూపించి, "దీని మూతికి బంగారు పూత ఉంటది మేడం. సౌండ్ తేటగ వస్తది," అన్నాడు.

"బంగారం లేకపోతే ఏమవుతుందండీ?"

ఆయన నోరు తెరిచి, నన్ను చూసి, గొంతు తగ్గించాడు. "మీ ఇంట్ల దూరానికైతే... ఏం కాదు మేడం."

"రెండూ పెట్టి వినిపిస్తారా?"

దూది మళ్ళీ చెవుల్లోకి వెళ్ళింది. లావు వైరుతో ఒకసారి, మామూలు రాగి వైరుతో ఒకసారి. వేలు అదే చోట లేచింది, అదే చోట పడింది. మామూలు రాగి వైరు మూటలోకి చేరింది. నేను ఇంకా నోరు విప్పకుండానే బేరం అయిపోతుండటం చూసి నాకు కొంచెం బెంగ పట్టుకుంది.

అప్పుడే ఆవిడ బావగారు ఫోన్ చేశారు. ఆవిడ దూది తీసి, ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. భర్తకి అన్నగారు. ఇంజినీరుగా పదవీ విరమణ చేసి వాస్తులో పడ్డారు. ఆయన మాట దాటి ఆ ఇంట్లో మేకు కూడా కొట్టరు.

"టీవీ కరెంటు వస్తువమ్మా, ఆగ్నేయమే. మార్పు లేదు. ఆ పెట్టె బరువెంత ఉంటుందట?"

ఆవిడ ఫోన్ నా చేతికిచ్చి, ప్రదర్శనకు పెట్టిన రిసీవర్‌ని రెండు చేతులా ఎత్తింది. మొహం ఎర్రబడింది. దించి, ఫోన్ తీసుకుని నిజాయితీగా చెప్పింది. "బరువేనండి బావగారూ."

"అయితే నైరుతి. బరువులు నైరుతిలోనే ఉండాలి."

ఆవిడ కాగితం మీద గీసి చూపించిన హాలు చూసి దుకాణమాయన నుదురు తుడుచుకున్నాడు. "టీవీ ఆ మూలకు, పెట్టె ఈ మూలకా! నడుమ బెడ్రూం తలుపు, దాని మీదికెళ్ళి తిప్పాలె. గంత దూరం మామూలు కేబుల్‌తోని బొమ్మ రాదు. గీ పొడుగుది కావాలె." అని వలలా అల్లిన తొడుగున్న ఒక కేబుల్ చుట్ట తీశాడు.

నా వంతు వచ్చింది. "గా కేబుల్ ఊకెనే ఇయ్యి అన్నా."

"ఊకెనా! మీ నాయిన దగ్గర బిందె కొంటే చెంచ కూడ ఊకె ఇయ్యలె ఆయన."

"ఆయన బిడ్డనే కద, గందుకే అడుగుతున్న."

బేరంలో గడప చాలా ముఖ్యమైన చోటు. లోపల నిలబడి ఎంత మొత్తుకున్నా కదలని ధర, ఒక కాలు గడప దాటిందంటే లేచి వెంట పడుతుంది. నేను హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని, పద అక్కా అని కేకేసి, మెట్టు దిగి, చెప్పు పట్టీ ఊడినట్టు వంగి సర్దుకోవడం మొదలుపెట్టాను. ఎంతసేపు సర్దుకోవాలో కూడా ఒక లెక్క ఉంటుంది. లోపల ఆవిడ మళ్ళీ చెవుల్లో దూది పెట్టుకుని సీరియల్ వింటూ కూర్చుంది. వెనకనుంచి కేక వినబడింది. "తీస్కపో చెల్లే! ఊకెనే తీస్కపో!" ఇంకా ఏదో అన్నాడు. గెలిచినదాన్ని, నాకు ఆ తర్వాతి మాటలతో పనేముంది?

ఇంటికి రాగానే ఆవిడ ఆ కేబుల్ రెండు మూతులకీ నీలం దారం చుట్టింది. ఒత్తుగా, అందంగా, పట్టుచీర కుచ్చుల్లా.

రిసీవర్ గోదాము నుంచి ఇంకా రాలేదు. గోడ పనివాళ్ళు గాడి కొట్టి, కేబుల్ని అందులో పెట్టారు. మర్నాడు అమావాస్య. తెరిచిన గోడతో అమావాస్య దాటకూడదని బావగారు. ఆవిడ గోడ ముందు నిలబడి నసిగింది.

"టెస్ట్ చెయ్యకుండా మూసేస్తే ఏమవుతుందండీ బావగారూ?"

"ఏమీ కాదమ్మా. మూయించెయ్."

ఆ ఒక్క రోజు ఆవిడ తన ప్రశ్నకు ఎదుటివాళ్ళిచ్చిన జవాబుతో సరిపెట్టుకుంది. సున్నం పూశారు, రంగు వేశారు. గోడ నున్నగా, ఏమీ ఎరగనట్టు నిలబడింది.

రిసీవర్ వచ్చిన రోజు సాయంత్రం ఫిట్టర్ వచ్చాడు. తల నెరిసిన మనిషి, నిదానస్తుడు. నేను నా ఊరికే వచ్చిన కేబుల్ ప్రారంభోత్సవం చూద్దామని వెళ్ళాను. బావగారు సోఫాలో కూర్చున్నారు. భర్త మాత్రం పడగ్గదిలోనే ఉన్నారు. తలుపు దగ్గరగా వేసి ఉంది.

టీవీ తెర నల్లగా ఉండిపోయింది. ఫిట్టర్ పెట్టె వెనక కేబుల్ గుచ్చిన రంధ్రం మార్చాడు, ఆపి మళ్ళీ వేశాడు. చివరికి నైరుతి మూల కూర్చుని కేబుల్ మూతి మీది దారం మెల్లగా విప్పాడు. దారం కింద చీమ తలంత అక్షరాల్లో, ఇది టీవీ వైపు అని ఇంగ్లీషులో రాసి ఉంది. పక్కనే చిన్న బాణం గుర్తు.

"ఇది ఒక దిక్కే పోయే కేబుల్ మేడం. గోడల ఉల్టా వడ్డది. టీవీ దిక్కుండాల్సిన మూతి పెట్టె కాడికొచ్చింది."

నేను వెంటనే దుకాణమాయనకు ఫోన్ చేసి ఎగిరాను. ఆయన నాకన్నా ఎత్తు ఎగిరాడు. "నేను చెప్పిన చెల్లే! ఒక్క దిక్కే పోతది, సూసుకోని పెట్టుండ్రి అని మొత్తుకున్న!"

"ఎప్పుడు చెప్పినవ్?"

"నువ్వు చెప్పు సర్దుకుంటున్నవ్ గదా, అప్పుడు!"

ఫోన్ పెట్టేసి ఆవిడ వైపు చూశాను. ఆయన మొత్తుకున్నప్పుడు ఆవిడ చెవుల్లో ఏముందో ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. రెండు కొసలకీ ఒకే రంగు. ఏ కొస ఎవరిదో రెండింటికీ తెలుసు. ఏది ముందో, ఏది వెనకో మాత్రం చక్కగా దాచిపెట్టింది ఆ దారం.

"గోడ కొట్టాలె," అన్నాడు ఫిట్టర్.

"ఆషాఢంలో గోడ కొట్టడమేంటి? కుదరదు," అన్నారు బావగారు.

ఆవిడ నేలమీద కూర్చుండిపోయింది. పడగ్గది తలుపు వైపు చూసింది. మా గొడవంతా లోపలికి చప్పుడుగా చేరుతూ ఉంటుంది, ఒక్క మాటా విడిపోకుండా. తల తిప్పి ఫిట్టర్‌ని అడిగింది. ప్రశ్న మాత్రం అదే.

"ఆ కేబుల్ లేకపోతే ఏమవుతుందండీ?"

"పెట్టె నుంచి బొమ్మ పోదు."

"బొమ్మ సరే. మాటలు?"

ఫిట్టర్ ఆలోచించాడు. "సెట్‌టాప్ బాక్స్ టీవీ కాడనే పెట్టి, సక్కగ టీవీకే తగిలిస్తే బొమ్మ వస్తది. టీవీల నుంచి సౌండ్ బయటికి తెచ్చే సన్న వైరొకటి ఉంటది. అది తెచ్చి పెట్టెకు గుచ్చితే మాటలు వస్తయ్. కానీ గోడ లోపల దాయనీకి రాదు, కింద కనవడతది."

"కనబడితే ఏమవుతుందండీ?"

బావగారు ఆగ్నేయానికీ నైరుతికీ మధ్య నేలమీద వైరు పరవడం గురించి ఏం రాసి ఉందో గుర్తు చేసుకుంటున్నట్టు పైకి చూశారు. ఏమీ దొరకలేదు కాబోలు.

ఫిట్టర్ సంచీలోంచే ఆ వైరు తీశాడు. పురికొస కన్నా కాస్త లావు. దీంట్లో కరెంటు పోదట, వెలుతురు పోతుందట. టీవీకి ఒక కొస గుచ్చగానే రెండో కొసన చిన్న ఎర్రటి చుక్క వెలిగింది. ఆవిడ ఆ చుక్కను అరచేతి మీద పడేలా పట్టుకుని చూసింది. లేచి వెళ్ళి పడగ్గది తలుపు తీసింది.

"ఇలా రండి, ఒకటి చూపిస్తాను," అని చెయ్యూపి, ఆయన వచ్చాక ఆయన అరచేయి లాగి దాని మీద ఆ చుక్క వేసింది. మొహం ఎదురుగా పెట్టి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది. "మాటలు... ఇలా... ఎర్రగా... వెళ్తాయట."

ఆయన అరచేతిని ఇటూ అటూ తిప్పి చూసుకున్నారు. "వేడిగా లేదే," అన్నారు. ఆయన నోట అడగకుండా వచ్చిన మాట నేను వినడం అదే మొదలు.

వైరు గోడ మొదట్లో నేలవారన నడిచింది. పడగ్గది గుమ్మం ముందునుంచి పోయి నైరుతి మూల పెట్టె చేరింది. ఫిట్టర్ మధ్య స్పీకర్ ఒక్కదాన్నీ పెంచాడు, మిగతావి తగ్గించాడు. ఏదో పాత హాస్య సన్నివేశం పెట్టారు. సంతలో అందరూ ఒకరి మీద ఒకరు అరుస్తూ, మధ్యలో ఒక సన్నపాటి మనిషి గొణుగుతూ. ఆవిడ భర్తని టీవీకి ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టింది. తను పక్కన నిలబడి, దూది ఉండ తీసి, చీల్చి, చెవుల్లో పెట్టుకుంది.

అక్కడ ఏసీ లేదు. ఆ దూది ఆయన చెవులతో వినడానికని అప్పుడు తెలిసింది నాకు.

ఆవిడ తెర చూడటం లేదు, ఆయన్నే చూస్తోంది. చూపుడు వేలు ఒకసారి లేచింది, పడింది. మళ్ళీ లేచింది. తెర మీద సంత గోలంతా ఒక్కసారి ఆగింది. సన్నపాటి మనిషి ఏదో గొణిగాడు. నాకు సరిగా అందలేదు. బావగారికీ అందలేదు. కుర్చీలోంచి గట్టిగా నవ్వు వినబడింది. ఆయన ముందుకు వంగి, మోకాలి మీద చరుచుకుని నవ్వుతున్నారు. బావగారూ నేనూ ఆయన మొహం ఒకసారి చూసి, ఒకళ్ళనొకళ్ళం చూసుకుని, అప్పుడు నవ్వాం.

ఆవిడ నవ్వలేదు. దూది తీసి పిడికిట్లో పెట్టుకుని, "నాకు వినబడితే సరిపోదు కదండీ," అని, టీ పెట్టే వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపటికి గానీ టీ రాలేదు. వచ్చినప్పుడు అందులో పంచదార లేదు. అది టెస్ట్ కాదని మాత్రం నాకు తెలుసు.

ఆ తర్వాత ఆ ఇంటికి ఎవరొచ్చినా, ఇంత అందమైన హాల్లో కాలికి అడ్డంగా ఈ వైరేంటని అడిగేవారు. ఆవిడ దాని మీద పట్టా వేసింది గానీ తీయించలేదు. ఆషాఢం వెళ్ళింది, శ్రావణం వచ్చింది, గోడ మాత్రం ఎవరూ కొట్టించలేదు; ఫిట్టర్ విప్పిన కొసకి ఆవిడ మళ్ళీ నీలం దారం చుట్టేసింది. ఆయన ఆ వైరు దాటి రోజూ సాయంత్రం హాల్లోకి వచ్చేవారు. కొన్నాళ్ళకి చెవి మిషన్ కూడా సొరుగులోంచి బయటికొచ్చింది. ఆవిడ మాత్రం వెళ్ళేటప్పుడు ఆ సన్న వైరుని చుట్ట చుట్టి, రెండు కొసలకీ ఎర్రదారం కట్టి, హ్యాండ్‌బ్యాగులో తనే పట్టుకుని కారెక్కింది.

సాయంత్రం ఎదురు ఫ్లాట్‌కి వెళ్ళాను. హాలు తలకిందులుగా ఉంది. పడమటి బాల్కనీ ఎండ నేరుగా తెర మీద పడుతోందని ఆ కుర్ర దంపతులు టీవీని నైరుతి మూలకి మార్చేశారు. ఇంటర్నెట్ తీగ ఆగ్నేయం మూలకే వస్తుంది కాబట్టి వీడియో ఆటల పెట్టె అక్కడే ఉంది. వాస్తు ఎవరిని అడిగారని అంటే ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.

నేను వంగి నైరుతి కొస దారం విప్పాను. చీమ తలంత అక్షరాలు: టీవీ వైపు.

"బాబూ, ఇది టీవీకి పెట్టు. అది నీ ఆటల పెట్టెకు పెట్టు."

"ఇన్ని దినాలు గోడలో ఉంటే చెడిపోయింటాదేమో ఆంటీ..."

"పెట్టు ముందు."

పెట్టాడు. తెర మీద కళ్ళు చెదిరేలా కార్లు పరుగెత్తాయి. అతని భార్య భయంభయంగా వచ్చి ఆ దారం ముక్కని వేలితో ముట్టుకుని చూసింది. నాకు మాత్రం, నేను గెలిచిన బేరం గోడలో ఇన్నాళ్ళూ ఓపిగ్గా తన దిక్కు మనుషుల కోసం ఎదురుచూసిందని అనిపించి, ఆ సంగతి వెంటనే ఆవిడకు చెప్పాలనిపించింది. బాల్కనీలోకి వచ్చి ఫోన్ చేశాను.

"హలో," అని మగగొంతు పలికింది.

ఇన్నేళ్ళ ఇరుగుపొరుగులో ఆయన ఫోనెత్తడం నేనెరగను. తడబడి, గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి నా పేరు చెప్పాను.

"మెల్లగా చెప్పండి, వినబడుతోంది. ఆవిడ ఇంట్లో లేదు. పై అంతస్తులో ఎవరో హోమ్ థియేటర్ కొన్నారట, దూది పట్టుకుని వెళ్ళింది. ఒక్క నిమిషం, కుక్కర్ కూస్తోంది."

వెళ్ళి ఆపి వచ్చారు. నేను ఎదురింటి సంగతి మొదలుపెట్టాను. కడప అబ్బాయి, చేతబడి భయం, నీలం దారం. "టీవీ ఎక్కడ పెట్టారో తెలుసా అండీ? ఆ మూలన..." అన్నానో లేదో అవతల్నుంచి నవ్వు. మోకాలి మీద చరుచుకున్న చప్పుడు కూడా వినబడింది.

"నైరుతిలోనా! మా అన్నయ్యకి చెప్పకండి," అన్నారు.

నేను చెప్పాల్సిన మాట ఇంకా నోట్లోనే ఉంది. ఈసారి కూడా ఆలస్యంగా నవ్వింది నేనే.